గున్నమ్మ రంగెయ్యదంట

అనగా అనగా, సూదులు నీళ్లలో మరగబెట్టి పొడిచే కాలంలో, ఒక పెద్దాసుపత్రి. ఆ ఆసుపత్రిలో గున్నమ్మ. చదువు రాదు. సీసాలు కడిగేది. గాజుపలకలు తుడిచేది. వాటి మీద పెట్టిన రోగుల కండ ముక్కలకు ఎరుపూ ఊదా రంగులద్దేది. ఆ రంగుల్లో చూసి డాక్టరు రోగం పేరు చెప్పేవాడు.

ఒకనాడు పారమ్మ అనే కొత్త కోడలి సీసా వచ్చింది. రక్తం ఆగడం లేదని గర్భసంచి లోపలి పొర గీకి పంపారు. డాక్టరు చూశాడు. కణాలు ఉబ్బి, నల్లబడి, వంకరగా ఉన్నాయి.

"క్యాన్సర్. శుక్రవారం సంచి తీసెయ్యాలి."

గున్నమ్మకి మనసొప్పలేదు. ఆ పిల్ల కొంగున నిమ్మకాయ కట్టుకుని ఉండుండి వాసన చూడ్డం వరండాలో చూసింది. పైగా, సీసాతో వచ్చిన కాగితంలో చివరి ముట్టు తేదీ రాసే చోటు ఖాళీ. అక్షరాలు రాకపోతేనేం, ఖాళీ ఖాళీయే కదా!

మంగళవారం అడిగింది. "బాబూ, ఆ పిల్లని అడిగారేటి?"

"కణాలు చెప్తుంటే పిల్లనెందుకు?"

బుధవారం అడిగింది. "బాబూ, ఆ పిల్లని అడిగారేటి?"

"అత్తని అడిగాం. నెల తప్పలేదంది."

గురువారం అడిగింది. "బాబూ, ఆ పిల్లని అడిగారేటి?"

"డాక్టరువి నువ్వా, నేనా?"

"తవరే బాబూ. అందుకే తవర్ని అడగమంతన్నాను."

ఆయన అడగలేదు. తనే వెళ్లింది. అత్తగారిని వేడినీళ్లకి పంపి మంచం మీద కూచుంది.

"సెప్పమ్మా, నెల తప్పిందా?"

పారమ్మ ఏడ్చింది. "రెండు నెల్లు. మూడోది నిండేదాకా సెప్పకూడదు కదా, దిష్టి. ఈలోపే జారిపోనాది. పోయినాక ఏటని సెప్పను?"

గున్నమ్మ ఆమెని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి డాక్టరు ముందు నిలబెట్టింది. ఆయన విన్నాడు. పలక మళ్లీ చూశాడు. చాలాసేపు చూశాడు.

"కడుపు నిలిస్తే మంచి కణాలు కూడా క్యాన్సర్ వేషం కడతాయి. అడిగుంటే..."

కోత ఆగింది. కొన్నాళ్లకి మళ్లీ గీకి చూస్తే అంతా శుభ్రం. పారమ్మ ముగ్గుర్ని కంది. పెద్దదాని పేరు గున్నమ్మే.

ఆ రంగులద్దిన చేతులు మట్టిలో కలిసి ఎంతకాలమైందో! ఇప్పటికీ అక్కడ ఆ ఖాళీ నింపకుండా సీసా వస్తే ముట్టుకోరు. "గున్నమ్మ రంగెయ్యదంట. పోయి ఆ పిల్లనే అడిగి రా" అంటారు.

నా సీసా కూడా అలాగే తిరిగొచ్చింది ఒకసారి. అడగడానికొచ్చిన నర్సుతో, అమ్మని బయటికి పంపమన్నాను. అప్పుడు చెప్పాను.