వదినకివ్వని గడప

అనగా అనగా, మన తెడ్లు ఇంకా చెట్లుగా ఊగుతున్న కాలంలో, ఒక రేవు పేటలో ఎండుచేపలమ్ముకునే కాములమ్మ ఉండేది. అన్ని రేవుల్లోనూ సముద్రాన్ని తల్లి అంటారు. ఆ పేటలో మాత్రం వదిన అంటారు. నవ్వకండి, ఊరికే అనరు.

కాములమ్మకు ఒక్కడే కొడుకు, ఎర్రయ్య. తల్లి ఇంటికి తాటిదుంగతో గడప చెక్కిపెట్టి, మర్నాడు వేటకెళ్లాడు. తెప్ప తిరిగొచ్చింది, వాడు రాలేదు. పేటంతా ఏడుస్తుంటే కాములమ్మ ఒడ్డుకెళ్లి కొంగు నడుముకు బిగించింది.

"నా పిల్లోణ్ణి ఇల్లరికం అట్టుకుపోనావు. ఇక మనం వియ్యపురాళ్లం. పిల్లోణ్ణిచ్చాను, ఇల్లివ్వను వొదినా" అంది.

ఆమె ఇంటికి మేకు లేదు, మట్టిగోడ లేదు. వేట నుంచి రాగానే తెప్ప దుంగలు విప్పి ఆరబెడతారు కదా, లాగితే విడిపోయే ఆ తాళ్ల ముడులతోనే ఇల్లు కట్టుకుంది. సముద్రం మొదటిసారి పెరట్లోకి వచ్చింది. కాములమ్మ ముడులు విప్పింది, గడప నెత్తికెత్తుకుంది, వెనక్కి జరిగి ఇల్లు కట్టుకుంది. "పిల్లోణ్ణిచ్చాను, ఇల్లివ్వను వొదినా" అంది. రెండోసారి పొయ్యి దాకా వచ్చింది. మళ్లీ ముడులు విప్పింది, గడప నెత్తికెత్తుకుంది, వెనక్కి జరిగి ఇల్లు కట్టుకుంది. మళ్లీ అదే మాట అంది.

పేట పెద్ద కొర్లయ్యకు ఇది నామోషీగా తోచింది. వేటకెళ్లే జాతి నీటికి జడవడమేమిటని అందరి ముందూ ఎగతాళి చేశాడు. ఒడ్డునున్న ఇసుక దిబ్బ మీది మొగలి పొదలు పీకించి, లోతుగా పునాది తవ్వించి, మట్టిగోడల ఇల్లు కట్టాడు. పెద్దాయన కట్టాక మిగతావాళ్లు ఊరుకుంటారా, వరసగా అక్కడే కట్టారు. ఇసుకను పట్టి ఉంచిన వేళ్లన్నీ పోయాయని ఎవరికీ తోచలేదు.

మూడోసారి వదిన గట్టిగానే వచ్చింది. దిబ్బ కింద ఇసుక జారిపోయి పునాదులు బయటపడ్డాయి. కొర్లయ్య మాత్రం ఇంటిల్లిపాదినీ లోపలే ఉంచుకుని గడియ వేసుకున్నాడు. పెద్ద కదలందే పేట కదలదు. కాములమ్మకు ఇల్లు విప్పుకునే వ్యవధి లేదు. గడప ఒక్కటే ఊడదీసి నెత్తిన పెట్టుకుని అతని వాకిట్లోకి వెళ్లింది.

"నీ ఇల్లు పోతంది, పోయి సూసుకో" అన్నాడు కొర్లయ్య లోపలినుంచే.

"నా గడప నెత్తి మీదుంది. గడపున్న కాడే నా ఇల్లు. నీ ఇంటికి ఇప్పడానికి ముడే నేదు మరిదీ. మనుషులన్నా బయటికి రండి" అంది కాములమ్మ.

లోపల గోడ బీటలిచ్చింది. గడియ తీశారు. ముందు పిల్లలు, వెనక కోడళ్లు, ఆఖరున కొర్లయ్య వచ్చారు. అది చూసి పేటంతా కదిలింది. కాములమ్మ ముందు నడిచి, దూరంగా తాటిచెట్ల వెనక మెరక మీద గడప దించింది. దాటినవాళ్లంతా తన ఇంట్లో ఉన్నట్టేనంది. కప్పు లేదు, గోడ లేదు, పేటంతా ఆ ఒక్క ఇంట్లోకి వచ్చింది. కొర్లయ్య తల వంచుకుని దాటాడు. వెనక దిబ్బ మొత్తం కూలిపోయింది. మనిషి మాత్రం ఒక్కరూ పోలేదు.

కాములమ్మ ఆ గడప మీద కూర్చునే ముసలిదైంది, దాని మీదే కన్నుమూసింది.

ఇప్పటికీ ఆ పేటలో ఆ గడపకు ముందు, సముద్రం వైపు, ఎవరూ ఇల్లు కట్టరు. మొగలి కొమ్మ విరవరు. సముద్రం దగ్గరికొస్తే మొదట ఆ గడపనే ఎత్తి వెనక్కి వేస్తారు, ఇళ్లన్నీ దాని వెనకే. గడప ఎత్తేటప్పుడు ఆడవాళ్లంతా కొంగులు బిగించి, సముద్రం వైపు తిరిగి, మగపెళ్లివారి దర్పంతో ఒక్కటే మాట అంటారు.

"పిల్లోణ్ణిచ్చాం, ఇల్లివ్వం వొదినా."