బెంచీ మీద తోడుకున్న నూకరాజు

కోటిపాలెంలో ఉన్న తెలివినంతా ఒకచోట పోసి కొలిస్తే అందులో ముప్పాతిక భాగం పిండిమిల్లు పరదేశయ్య గారి ఇంట్లోనే తేలుతుందని ఆ ఇంటివాళ్ళందరి దృఢవిశ్వాసం. మిగిలిన పాతిక భాగమూ తమ మిల్లులోంచి పిండితో పాటు గాలికి ఎగిరి ఊళ్ళోకి పోయినదేనని వారి అనుమానం. అందుకని మిల్లు కిటికీలు ఎప్పుడూ మూసే ఉంచేవారు.

ఇంట్లో నలుగురు మనుషులు: పరదేశయ్య, ఆయన భార్య మాణిక్యమ్మ, ఆయన తమ్ముడు వీర్రాజు, ఆవిడ తమ్ముడు నూకరాజు. నలుగురూ కలిసి ఊరికి వెళ్ళవలసి వస్తే తలుపుకు లోపలినుంచి తాళం వేసి, తాళంచెవిని ఇంట్లోనే భద్రంగా దాచి, కిటికీలోంచి దూకి వెళ్ళేవారు. తిరిగి రావాలి గనక కిటికీ తెరిచి ఉంచేవారు.

“దొంగ వచ్చాడే అనుకో, తాళంచెవి వాడికి బయట ఎక్కడా దొరకదు. అదీ బుర్రంటే,” అనేవాడు పరదేశయ్య.

నూకరాజు తలవంచకుండా ఏ గుమ్మమూ దాటలేనంత పొడగరి. గోదావరి గరుడలు అనే బాస్కెట్‌బాల్ జట్టులో జీతానికి ఆడేవాడు. ఆడేవాడంటే, ఎక్కువగా బెంచీ మీద కూర్చునేవాడు. ఎవరికైనా దెబ్బ తగిలినప్పుడో, ఆయాసం వచ్చినప్పుడో కోచ్ ఏసుదాసు గారు అతణ్ణి దించేవారు. ముందు దించితే ముందు ఆడేవాడు, వెనక దించితే వెనక ఆడేవాడు. ఈ బహుముఖ ప్రజ్ఞకు కారణం ఒక్కటే. చెప్పిన మాటను చెప్పినట్టు చేయడం తప్ప అతనికి మరొకటి తెలియదు.

అయితే ఆ గుణంలోనే చిక్కు కూడా ఉంది. ఒకసారి ఏసుదాసు గారు ఎదుటి జట్టులో మెరుపులాంటి ఆటగాణ్ణి చూపించి, “నూకరాజూ, వాణ్ణి వదలకు,” అన్నారు. అంతే. ఆట అయిపోయాక కూడా నూకరాజు అతణ్ణి వదలలేదు. వాళ్ళ బస్సే ఎక్కి, వాళ్ళ ఊరే వెళ్ళి, మర్నాడు అతని పెళ్ళిచూపుల్లో అతని పక్కనే కూర్చున్నాడు. పెళ్ళికొడుకు ఎవరో తెలియక అమ్మాయి ఇద్దరికీ కాఫీ ఇచ్చింది. అప్పటినుంచి నూకరాజుకు ఒక మాట చెప్పాలంటే ఏసుదాసు గారు దాన్ని నాలుగు వైపులా తిప్పి చూసుకునేవారు. ఆయన చూసుకునేలోగా సగం ఆట అయిపోయేది.

ఆ ఏడు జట్టు యజమానులు ఫోన్‌లో ఫాంటసీ ఆట ఒకటి పెట్టారు. అభిమానులు తమకు నచ్చిన ఆటగాళ్ళను ఎంచుకుని ఊహలో ఒక జట్టు కట్టుకోవాలి. నిజమైన ఆటలో ఆ ఆటగాడు బంతిని బుట్టలో వేసినా, పట్టినా, అందించినా, ఎదుటివాడి బంతిని ఆపినా అతని పేరు మీద పాయింట్లు పడతాయి. ఆ పాయింట్లే అతని విలువ. సీజను చివరికి వచ్చేసరికి యజమానులకు ఆ ఊహ మీద గురి బాగా కుదిరింది. బెంచీ మీద కూర్చునేవాళ్ళలో ఆఖరి మ్యాచ్‌లో ముప్పై ఫాంటసీ పాయింట్లు తెచ్చినవాణ్ణే వచ్చే ఏటికి ఉంచుకుంటామని ప్రకటించేశారు.

నూకరాజుకు ఏనాడూ పదకొండు దాటలేదు. ఇంటికి వచ్చి అరుగు మీద కూలబడ్డాడు.

“బావా, ముప్పై రాకపోతే నన్ను పంపేస్తారంట.”

“ఎక్కడికిరా?”

“ఇంటికి బావా.”

“ఇంట్లోనే ఉన్నావు గదరా! ఇంక వాళ్ళు కొత్తగా పంపేదేముంది?” అని పరదేశయ్య నవ్వాడు.

“జట్టులోంచి బావా,” అంటూ నూకరాజు కళ్ళు తుడుచుకున్నాడు.

“పోతే పోయింది. మన మిల్లు లేదూ? జల్లెడ పట్టుకుందువు గాని,” అన్నాడు వీర్రాజు.

నూకరాజు తన అరచేతులకేసి చూసుకున్నాడు. “మిల్లులో నన్నెవరూ దిగు అని పిలవరు గదా,” అన్నాడు.

ఆ మాటకు మాణిక్యమ్మ ముక్కు చీది లేచింది. “ఏవండీ, ఇంత తెలివి పెట్టుకుని మనం చూస్తూ ఊరుకుంటామా? పదండి, మాస్టారి దగ్గరకు.”

పక్కింటి సన్యాసిరావు మాస్టారు ఒకప్పుడు డ్రిల్లు చెప్పినవారు. ఫాంటసీ ఆటలో ఆయనకు మంచి చెయ్యి. కళ్ళజోడు సర్దుకుని నిదానంగా చెప్పారు. “చూడు పరదేశయ్యా, మొదటినుంచీ ఆడేవాళ్ళ విలువ అందరికీ కనిపిస్తుంది. మీ నూకరాజు విలువ అలా కాదు. కూర్చున్నంతసేపూ లోపల తయారవుతూ ఉంటుంది, లేచాడా, ఒక్కసారిగా బయటపడుతుంది. పైగా ఎక్కడ పెట్టినా ఆడతాడు. ఒక్కమాటలో చెప్పాలంటే అతనొక్కడూ ఐదుగురి పెట్టు.”

ఆయన ఉద్దేశం పొగడటం. ఇంకేముంది, వీళ్ళు దాన్ని వైద్యుడి చీటీలాగా పట్టుకుని ఇంటికి వచ్చారు.

“ఐదుగురి పెట్టంటండీ! ఇన్నాళ్ళూ ఒక్కడి తిండే పెట్టాను! మిగతా నలుగురూ లోపల పస్తులున్నారు గదా!” అని మాణిక్యమ్మ గుండెలు బాదుకుంది. అంతే. ఐదు విస్తళ్ళు వేసింది. ఐదింటిలో ముద్దపప్పు, గోంగూర, నెయ్యి. ఐదుగురు ఒకే విస్తట్లో తినడం మర్యాద కాదు గనక నూకరాజు ఒక్కొక్క విస్తరి ముందుకూ జరిగి కూర్చుని తిన్నాడు. ఐదో విస్తరి దగ్గర ఆగిపోయాడు.

“అక్కా, ఇంక పట్టదే.”

“నీకు పట్టకపోతే పోనీ. ఈ విస్తరి నీది కాదు గదా, తినవయ్యా!” అంది అక్క. నిజమే గదా అనుకుని నూకరాజు అదీ తిన్నాడు. ఆ రోజు నుంచి రెండు పూటలా ఐదు విస్తళ్ళే.

ఇంతలో వీర్రాజుకు రెండో మాట గుర్తొచ్చింది. “ఎక్కడ పెట్టినా ఆడతాడని మాస్టారు అనడమేనా, మనం చూసుకోవద్దా?” అని నూకరాజును అటక మీద పెట్టాడు.

“ఆడగలవా?”

“ఆడతాను బావా,” అని నూకరాజు బంతి కొట్టాడు. అటక మీది ఆవకాయ జాడీ దొర్లి కింద ఉన్న పరదేశయ్య భుజం మీద పడింది.

“ఆడుతున్నాడు! ఆడుతున్నాడు!” అని పరదేశయ్య నూనె ఓడుతూ చప్పట్లు కొట్టాడు.

తరువాత గంగాళంలో పెట్టారు, ఆడాడు. చివరకు మిల్లులో పిండి పడే తొట్టెలో పెట్టారు. అక్కడా ఆడాడు గాని, నెత్తినుంచి పాదాల దాకా తెల్లగా ఆ పొడుగు విగ్రహం తొట్టెలోంచి బంతితో పైకి లేవగానే, గోధుమలు తెచ్చుకున్న ఆడవాళ్ళు చేటలు అక్కడే పారేసి వీధి చివరి దాకా పరుగెత్తారు. మూడు రోజులు మిల్లుకు ఒక్కరూ రాలేదు.

“మంచిదే. మనకి తీరిక దొరికింది,” అన్నాడు పరదేశయ్య.

ఆ తీరికలో మొదటి మాట గురించి తీవ్రంగా ఆలోచించారు. కూర్చున్నంతసేపూ విలువ లోపల తయారవుతుంది. అయితే అది ఏ విధంగా తయారవుతుంది? ఈ ప్రశ్నకు జవాబు మాణిక్యమ్మకు వంటింట్లో దొరికింది.

“తోడేసిన పాలగిన్నెను మాటిమాటికీ కదిపితే పెరుగవుతుందిటండీ? నీళ్ళునీళ్ళుగా విరిగిపోదూ? ఇన్నాళ్ళూ వీడు ప్రాక్టీసని గెంతి గెంతి విలువంతా విరగ్గొట్టుకున్నాడు. ఒరేయ్ తమ్ముడూ, నేను చెప్పేదాకా కదలకు.”

అంతే. నూకరాజు కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండిపోయాడు. నిద్రా అందులోనే, ఐదు విస్తళ్ళూ ఆ కుర్చీ ముందుకే. ఈగ వాలితే వీర్రాజు తోలేవాడు. మ్యాచ్ రోజున అన్నదమ్ములిద్దరూ ఆ కుర్చీని అతనితో సహా ఎత్తి అరటిగెలల తోపుడుబండి మీద పెట్టి, కుదుపు తగలకుండా నెమ్మదిగా నెట్టుకుంటూ బయలుదేరారు. దారిలో ఎవరో ముసలమ్మ ఏ దేవుడి ఊరేగింపో అనుకుని కొబ్బరికాయ కొట్టింది. పరదేశయ్య సగం చెక్క పుచ్చుకుని ఆశీర్వదించాడు.

ఏసుదాసు గారు ఆ బండిని చూసి అదిరిపోయారు. “కాలికి ఏమైందయ్యా?”

“కాలికేం కాలేదండి. తోడుకుంటున్నాడండి,” అన్నాడు వీర్రాజు.

ఏసుదాసు గారు బెంచీకేసి చెయ్యి చూపించగానే అన్నదమ్ములు అతణ్ణి కుదుపు తగలకుండా దాని మీదికి మార్చారు.

ఆట మొదలైంది. సగం గడిచేసరికి గరుడలలో ఒకడికి మడమ బెణికింది, మరొకడు తప్పులు ఎక్కువై బయటికి వచ్చేశాడు. బెంచీ మీద నూకరాజు తప్ప ఎవరూ మిగలలేదు.

“నూకరాజూ, దిగు!” అన్నారు ఏసుదాసు గారు.

నూకరాజు కళ్ళు మాత్రం పైకెత్తి, జనంలో మెట్ల మీద కూర్చున్న అక్కకు కేకేశాడు. “అక్కా! కదలొచ్చా?”

“గట్టిపడ్డావా?”

“తెలీట్లేదక్కా!”

“అయితే కదలకు!”

“దిగమంటుంటే నీక్కాదూ!” అని కోచ్ అరిచారు.

నూకరాజు కళ్ళు ఒకసారి కోచ్ వైపు, ఒకసారి అక్క వైపు తిరిగాయి. ఒకరు దిగమంటారు, ఒకరు కదలొద్దంటారు. అతను ఇద్దరి మాటా కాదనగలవాడు కాదు. ఇంకేముంది, పరదేశయ్య, వీర్రాజు మెట్ల మీంచి ఒక్క పరుగున వచ్చి, చెరొక వైపునా అతణ్ణి ఎత్తి, ఎదుటివాళ్ళు బంతి వేయవలసిన బుట్ట కింద నిలబెట్టారు.

“దిగాడు, కదల్లేదు. సరిపోయిందాండి?” అన్నాడు పరదేశయ్య. రిఫరీ ఈల ఊదుతూ అన్నదమ్ములిద్దరినీ బయటికి తరిమాడు.

ఏసుదాసు గారు నెత్తిన చేయి పెట్టుకున్నారు. అయినా ఆటగాడు ఆటగాడే. “సరే నాయనా, అక్కడే ఉండు. వచ్చిన బంతినల్లా ఆపు, పట్టుకో, మనవాడికి విసురు.”

“అక్కా! చేతులు కదపొచ్చా?”

మాణిక్యమ్మ మెట్ల మీద లేచి నిలబడింది. “గిన్నె కదలకూడదు గాని మూత తీస్తే తప్పేముందిరా! కదుపు!”

ఆ తరువాత జరిగింది కోటిపాలెం ఎన్నడూ చూడనిది. ఐదుగురి తిండి తిన్న మనిషి స్తంభంలా పాతుకుని నిలబడ్డాడు. తోసినవాళ్ళు తోసినట్టే వెనక్కి పడ్డారు. బుట్టకేసి వచ్చిన ప్రతి బంతికీ ఆ పొడుగు చేతులు అడ్డం వచ్చాయి. ఆపాడు, పట్టాడు, ఆ చివరికి విసిరాడు. అక్కడివాడు అందుకుని బుట్టలో వేశాడు. వీర్రాజు ఫోన్ చూస్తూ గొంతు చించుకున్నాడు. “పన్నెండు! పంతొమ్మిది! ఇరవై ఆరు! ఇరవై ఎనిమిది!”

అక్కడ ఆగిపోయింది. ఎదుటివాళ్ళకూ బుద్ధి వచ్చి, నూకరాజు దగ్గరికి రావడం మానేసి దూరంగానే బంతిని తిప్పుకోసాగారు. గోడ మీది గడియారంలో ఆట అరనిమిషానికి తరిగిపోయింది. నూకరాజు చేతులు చాచాడు, అందలేదు. వంగి చాచాడు, అందలేదు.

“అక్కా!” అన్నాడు. ఈసారి అది అడగడంలా లేదు, ఏడవడంలా ఉంది. “అక్కా, నన్ను కదలనియ్యే!”

మాణిక్యమ్మ గడియారం కేసి చూసింది. ముందుగా కదిపితే అంతా విరిగిపోతుంది. కదపకపోతే తమ్ముడు జల్లెడ పట్టుకుంటాడు. కళ్ళు గట్టిగా మూసుకుని అరిచింది. “తోడుకుందిరా తమ్ముడూ! గడ్డపెరుగైపోయావు! పో!”

అంతే! ఇన్నాళ్ళూ కూర్చున్న కాళ్ళు ఒక్కసారి లేచాయి. ఎదుటివాడి చేతిలోంచి బంతి తన్నుకుపోయి, నేలకు కొట్టుకుంటూ, అడ్డం వచ్చినవాళ్ళ మధ్యలోంచి దూసుకుపోయి, ఆ చివరి బుట్టలో వేసేశాడు.

“ముప్పై!” అని వీర్రాజు ఫోన్ గాల్లోకి ఎగరేశాడు. అది మళ్ళీ దొరకలేదు.

అయితే అక్క పొమ్మంది గాని ఆగమనలేదు. నూకరాజు పోతూనే ఉన్నాడు. బుట్ట వెనక తలుపులోంచి బయటికి, బజారులోకి, చేపల సంతలోంచి పడవల రేవు దాకా పోయాడు. జట్టంతా వెనకే పరుగెత్తింది. మోకాటిలోతు గోదావరిలో ఉండగా మాణిక్యమ్మ రొప్పుతూ వచ్చి, “ఆగరా!” అంది. ఆగాడు.

ఏసుదాసు గారు పంచె తడుస్తున్నా నీళ్ళలోకి దిగి అతని రెండు చేతులూ పట్టుకున్నారు. “ముప్పై వచ్చింది నాయనా! నీ చోటు నీదే. వచ్చే సీజనులో మళ్ళీ పిలుస్తాను.”

నూకరాజు నీళ్ళలోనే నిలబడి పసిపిల్లవాడిలా నవ్వాడు. మ్యాచ్ ఎవరు గెలిచారో ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు.

మర్నాడు కాఫీలు తాగుతుండగా పరదేశయ్య ముఖం గంభీరమైంది. “చోటు మనదేనన్నారు, బానే ఉంది. వచ్చే సీజను దాకా ఆ చోటును కాసేదెవరు?”

“బస్సులో సీటుకి తువ్వాలు వేసినట్టు వేసొస్తే?” అన్నాడు వీర్రాజు.

“తువ్వాలు తీసి కూర్చునేవాళ్ళని ఎంతమందిని చూళ్ళేదు! మనిషే కూర్చోవాలి,” అంది మాణిక్యమ్మ.

ఎంత తెలివైన మాట! నలుగురూ వంతులు వేసుకున్నారు. రోజుకొకరు ఆటస్థలానికి వెళ్ళి నూకరాజు చోట్లో పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా కూర్చునేవారు. కాపలావాడు మొదట్లో కసురుకున్నా, పులిహోర రుచి చూశాక దిండు కూడా ఇచ్చాడు. ఎండాకాలం అలాగే కూర్చున్నారు, వానాకాలం అలాగే కూర్చున్నారు. ఆ చోటు ఒక్కనాడూ ఖాళీగా లేదు, ఎవరూ దాన్ని కాజేయలేదు.

కొత్త సీజనులో మొదటి మ్యాచ్ వచ్చింది. ఆట జోరుగా సాగుతుండగా గరుడలలో ఒకడు మోకాలు పట్టుకుని కూలబడ్డాడు. ఏసుదాసు గారు ఆట మీది చూపు తిప్పకుండానే, వెనక ఉన్న బెంచీ వైపు చేయి ఊపి ఏడాదిగా దాచుకున్న మాటను ఆనందంగా అరిచారు.

“లే! దిగు! నీ సత్తా చూపించు!”

ఆ సమయానికి నూకరాజు ఇంట్లో పొయ్యి దగ్గర కూర్చుని పులుసు కలుపుతున్నాడు. ఆ రోజు వంతు అతనిది కాదు. ఇంకేముంది, మాణిక్యమ్మ చేతిలోని జంతికలు పక్కన పెట్టి, కొంగు నడుముకు బిగించి, బంతికేసి పరుగెత్తింది.