మునసబుగారి నిటారు పంపు

పల్లెలకి కరెంటు కొత్తగా వచ్చిన రోజులవి. ఊరి మిరపతోటల కోసం లోతుగా బోరు వేస్తే, అందులో దించిన గొట్టం కాస్త తూర్పుకి ఒరిగింది. మేస్త్రి నాసరయ్య పంపుని కూడా అదే వాలులో బిగించాడు.

మునసబు శేషాచలంగారు చూసి మొహం చిట్లించారు. "నా ఊళ్లో వంకర పంపా? నిటారుగా పెట్టు, లేకపోతే పీకించేస్తా."

"నిటారుగా పెడితే లోపలి కడ్డీ గొట్టానికి రాసుకుని విరిగిపోద్దండి. తోటలెండిపోతాయి."

"అదంతా నాకు చెప్పమాక. నా కంటికి వంకర కనపడకూడదు."

"అట్టాగేనండి, కనపడదు."

నాసరయ్య పంపుని ముట్టుకోలేదు. దాని చుట్టూ షెడ్డు వేసి గుంజలు, గోడలు, తలుపు అన్నీ పంపు వాలులోనే ఒరిగించాడు.

మునసబుగారు లోపలికొచ్చి పంపుని చూశారు, పక్కన గుంజని చూశారు. రెండూ ఒకే తీరుగా ఉన్నాయి.

"ఇప్పుడు దారికొచ్చావు" అన్నారు.

మీట నొక్కగానే నీళ్లు దూకి తోటల్లోకి పారాయి. రైతుల మొహాలు వెలిగాయి.

"పంపు బానే ఉంది గానీ అయ్యగారూ, తమరే కాస్త పడమటికి ఒరిగినట్టున్నారు" అన్నాడు నాసరయ్య.

మునసబుగారు గుంజ వంక చూసి, తూర్పుకి వంగి సర్దుకున్నారు.

"ఇప్పుడో?"

"ఇప్పుడు నిటారుగా ఉన్నారండి."