బాజీ ఉంగరపు వేలు

సన్నాయి బాజీ ఉంగరపు వేలికి ఏం వచ్చిందో ఏమో, ముడిస్తే మళ్లీ తెరుచుకునేది కాదు. ఎడమచేత్తో పట్టి లాగితే టక్కుమని విడేది. సన్నాయి మీద ఆ వేలి కింద రంధ్రం మూసుకుపోయి, స్వరం లోపలే ఉండిపోయేది.

సీతారాముల కల్యాణం ఇంకా నెల ఉంది. గురువు ఖాదర్ సాహెబ్ నలభై ఏళ్లు ఊదిన చోట ఈ ఏడు బాజీ ఊదాలి. సాధన చాలలేదేమోనని రోజుకు రెండు గంటలు ఎక్కువ ఊదాడు. వేలు మరింత బిగిసింది.

నరసరావుపేటలో డాక్టరమ్మ చూసింది. "వేలిని లాగే తాడు దూరే గొట్టం వాచింది నాయనా. అరచేతిలో, వేలి మొదట్లో స్టిరాయిడ్ సూది వేస్తాను. చాలామందికి నయమవుతుంది. కాకపోతే కొన్నాళ్లు ఓపిక పట్టాలి."

బాజీ చెయ్యి వెనక్కి లాక్కుని వచ్చేశాడు.

"ఏరా, వేయించుకున్నావా?" అన్నాడు సాహెబ్.

"లేదు గురువుగారూ. సూదిమందుతో ఆడే వేలితో ఊదితే ఆ పాట నాదెలా అవుతుంది? మీ పేరు చెడగొట్టనా?"

"అబ్బో, నా పేరంటే ఎంత బెంగరా నీకు!" అంటూ సాహెబ్ తన సన్నాయి అందించాడు. "ఊదు."

ఊదితే గాలి తప్ప పలుకు లేదు. సన్నాయి కొసన నోట పెట్టుకునే పీకలో ఏదో అడ్డుపడింది. బాజీ ఆలోచించనైనా లేదు. సన్నాయికి దారంతో వేలాడే సన్నటి సూది అందుకుని పీకలోకి పోనిచ్చి, మెల్లగా తిప్పి, పెదవులతో తడిపి మళ్లీ ఊదాడు. షడ్జం ఖంగుమంది.

సాహెబ్ సన్నాయి లాక్కుని చాప అవతల పడుకోబెట్టాడు.

"సూది పెడితే పలికింది. ఇక ఇది నాకొద్దు."

మర్నాడు బాజీ మొదటి బస్సెక్కి, డాక్టరమ్మ సూదికి చెయ్యి చాపాడు.

రెండు రోజులు చెయ్యి సలిపింది. పదో రోజుకీ వేలు పట్టేస్తూనే ఉంది. మూడో వారంలో ఓ పొద్దున చద్దన్నం తింటుంటే, ముడిచిన వేలు తనంత తానే విచ్చుకుంది. బాజీ పెట్టిన కేకకి పెళ్లాం హజీరా గరిటెతోనే పరిగెత్తుకొచ్చింది.

కల్యాణం నాడు శ్రుతిపెట్టె పట్టుకుని శిష్యుడి పక్కన కూర్చున్నది ఎవరనుకున్నారు? ఖాదర్ సాహెబే. తలంబ్రాల వేళ బాజీ మోహన ఎత్తుకున్నాడు. వేలు లేచింది, వాలింది, పిట్టలా మళ్లీ లేచింది. పందిట్లో విసనకర్రలు ఆగిపోయాయి.

ఉన్నట్టుండి శ్రుతీ ఆగింది. తన వేలే తప్పిందేమోనని బాజీ ఊదడం ఆపబోయాడు. తిరిగి చూస్తే, సాహెబ్ కండువాతో కళ్లొత్తుకుంటున్నాడు.

"ఆగకురా! తప్పింది నా చెయ్యి. నీది కాదు."