తల్లి వీణకు కొన్న ధర

మణిమంగళం రాజు వీరకేసరికి ఒకరోజు ఒక సరదా పుట్టింది. సంతకి వెళ్ళకుండానే జనం సంత చెయ్యాలి.

వెంటనే కబురు సంత పెట్టించాడు. అమ్మేవాళ్ళు ఇంట్లోనే కూర్చుని సరుకు వివరం తాటాకు మీద రాసిస్తారు. అంచె మనుషులు ఆ ఆకులు ఊరూరా తిప్పుతారు. నచ్చినవాళ్ళు డబ్బు పంపితే సరుకు బండి మీద పోతుంది. ఒకరి మొహం ఒకరు చూడరు.

జనానికి బాగా నచ్చింది. పగిలిన తిరగలిక్కూడా కొనేవాళ్ళు ఎవరో ఒకరు దొరికారు.

దాంతో రాజు ఒక శాసనం రాయించాడు. కొన్న ధర మీద ఎంత లాభం వస్తే అందులో నాలుగో వంతు ఖజానాకి కట్టాలి. తాటాకులన్నీ సుంకాధికారి గుణ్ణయ్య చేతి మీదుగా పోతాయి. ఎవరు ఏం అమ్మినా అతనికి తెలిసిపోతుంది.

నెల తిరక్కుండా సూరాంబ అనే ఆవిడ సభకి వచ్చింది. ఏడవలేదు. కొంగుముడి గట్టిగా పట్టుకుని నిలబడింది.

"ప్రభూ, గాలివానకి మా ఇంటి కప్పు పోయింది. పిల్లలూ నేనూ పశువుల పాకలో ఉంటున్నాం. మా అమ్మ వీణ ఒకటి నా వాటాకి వచ్చింది. కబురు సంతలో అమ్మాను. ఎనభై నాలుగు వరహాలు వచ్చాయి. కప్పుకి ఎనభై కావాలి. ఇరవై ఒకటి సుంకం కట్టమంటున్నారు. వానలు దగ్గరికొచ్చాయి."

గుణ్ణయ్య లేచాడు. "లెక్క సరిగ్గానే ఉంది ప్రభూ. ఎంతకి కొన్నావని అడిగాను. కొనలేదు, అమ్మ పోతే వచ్చిందంది. అంటే కొన్న ధర సున్న. వచ్చిందంతా లాభమే."

"ఊరికే రాలేదయ్యా," అంది సూరాంబ. "పంపకాల్లో పెద్దలు ఆ వీణకి ఎనభై వరహాలు వెల కట్టారు. దానికి బదులుగా మా చెల్లెలు గేదెలన్నీ తోలుకుపోయింది."

"పెద్దలు కట్టింది నోటి వెల. నీ కొంగుముడి విప్పి ఒక్క రూక ఇచ్చావా? లేదు కదా. ఇంకేం?"

రాజు చిక్కులో పడ్డాడు. 'కొన్న ధర' అని రాయించింది తనే. సూరాంబ మొహం చూస్తే అన్నం సయించేలా లేదు.

"కొనని వస్తువుకి కొన్న ధర ఎంత? తేల్చినవాళ్ళకి బహుమానం ఇస్తాను," అన్నాడు.

పండితులు దూలాలు లెక్కపెట్టారు. ఒకాయన శ్లోకం ఎత్తుకుని సగంలో దగ్గాడు.

రాజు పక్కన నిలబడి తాంబూలం చుట్టి ఇచ్చే పేరమ్మ, ఆకుకి సున్నం రాస్తూ తల ఎత్తింది. "ప్రభూ, నన్ను చూడమంటారా?"

గుణ్ణయ్య నవ్వాడు. "ఆకుకి సున్నం రాసినంత తేలిక కాదు పేరమ్మా, సుంకం వెయ్యడం."

"నిజమేనండి. సున్నం ఎక్కువైతే నోరు పొక్కుతుంది. నాకు తెలిసింది అంతే." పేరమ్మ అతని తలపాగా వైపు చూసింది. "అయ్యగారూ, ఆ కలికితురాయి ఎంత బాగుందో. ఒక్కసారి చేతికి ఇస్తారా?"

గుణ్ణయ్య కరిగిపోయాడు. "మా నాన్నగారిది. చుట్టుపక్కల రాజ్యాల్లో ఇలాంటిది లేదు. జాగ్రత్త," అంటూ తీసిచ్చాడు.

పేరమ్మ అటూ ఇటూ తిప్పి చూసింది. తాంబూలం పెట్టెలో వేసి మూత పెట్టింది. ఇంకో ఆకు అందుకుంది.

"ఏదీ, ఇటివ్వు," అన్నాడు గుణ్ణయ్య.

"నచ్చిందండి, ఉంచుకుంటాను. మీరు నష్టపోవద్దు, కొన్న ధర ఇచ్చేస్తాను. ఎంతకి కొన్నారు?"

"కొనడమేమిటి? నాన్నగారిదని చెప్పానుగా."

"నడుము సంచి విప్పి ఒక్క రూకైనా ఇచ్చారా?"

"ఎవరికివ్వాలి? లేదు."

"అయితే ఇదిగో, తీసుకోండి." పేరమ్మ ఖాళీ చెయ్యి చాపింది.

సభలో ఎవరో కిసుక్కుమన్నారు. గుణ్ణయ్య చెవులు ఎర్రబడ్డాయి.

"ప్రభూ, ఇది పట్టపగలు దోపిడీ. అదేమన్నా సున్నకి వచ్చిన వస్తువా? నాన్నగారు పోయినప్పుడు కంసాలి మూడొందల వరహాలు వెల కట్టాడు. అంత విలువ చేసే మాగాణి మా అన్నకి వదిలేసి దీన్ని తెచ్చుకున్నాను. నాకది మూడొందలకి పడ్డట్టు."

పేరమ్మ పెట్టె మూత తీసి తురాయి అతని చేతిలో పెట్టింది.

"సూరాంబ పొద్దుట్నుంచీ చెబుతున్నది ఆ మాటేనండి."

ముందు రాజు నవ్వాడు. తరవాత సభంతా నవ్వింది.

"గుణ్ణయ్యా, నీ తురాయి మూడొందలకి పడితే ఆవిడ వీణ ఎనభైకి పడినట్టే. అమ్మింది ఎనభై నాలుక్కి. లాభమెంత?"

"నాలుగు, ప్రభూ."

"సుంకం?"

"ఒక వరహా." ఆ మాట పక్కవాడికి కూడా వినపడలేదు.

సూరాంబకి మాత్రం వినపడింది. కొంగుముడి విప్పి ఒక వరహా సుంకం పళ్ళెంలో పెట్టింది. మిగతా ఎనభై మూడూ గట్టిగా ముడేసుకుంది. "వడ్రంగులు వచ్చే వేళయింది, సెలవు ప్రభూ," అంది.

రాజు శాసనం దిద్దించాడు. పెద్దవాళ్ళ నుంచి వచ్చిన వస్తువుకి, వాళ్ళు పోయిన నాటి వెలే కొన్న ధర. తన మెడలో గొలుసు తీసి పేరమ్మకిచ్చాడు.

పేరమ్మ కళ్ళకద్దుకుంది. కదల్లేదు.

"ఇంకా ఏం కావాలి?"

"ఒక్క మనవి ప్రభూ. నాకో కూతురుంది. నేను పోయిన మర్నాడే ఈ గొలుసు కబురు సంతలో పెడుతుంది, దాని సంగతి నాకు తెలుసు. ఆ రోజు వెల కట్టడానికి ఈ అయ్యగారిని మాత్రం పంపకండి."

సభ మళ్ళీ గొల్లుమంది. గుణ్ణయ్య కూడా నవ్వాడు, తురాయి రెండు చేతులా పట్టుకుని.