అసలు సిసలు అడవివాడు

తుమ్మలమడుగు అడవిని ఒక పెద్దపులి ఏలుతుండేది. ఏలడమంటే మహా పనేం కాదు. ఆకలేస్తే తినడం, తిన్నాక పడుకోవడం. సలహాదారు అవసరం దానికి ఏనాడూ పడలేదు. పంటి నొప్పి వచ్చాకే పడింది.

ఆ అడవిలో జంబయ్య అని ఒక నక్క ఉండేవాడు. పొద్దుగూకితే చాలు, గుట్ట చివర నిలబడి "వాగవతల నుంచి వచ్చేస్తున్నారు! మనల్ని తొక్కేస్తారు!" అని ఊళలేసేవాడు. నక్క ఊళ ఎవడు పట్టించుకుంటాడు? ఎవరూ పట్టించుకోలేదు. ఇంతలో పులి ఒకనాడు ఏదుపందిని నమిలింది. ముల్లు చిగుళ్ళో దిగి విరిగిపోయింది. దవడ వాచి పులి మూలుగుతుంటే జంబయ్య వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"దొరా, తప్పు ముల్లుది కాదు, ఏదుపందిది."

"ఆ సంగతి నాకూ తెలుసు. నమిలింది నేనే."

"అది మన ఏదుపంది కాదు దొరా, వాగవతలిది. మనదైతే ముల్లు మర్యాదగా గొంతు దిగేది."

పన్ను సలుపుతున్నప్పుడు ఎవరేం చెప్పినా సబబుగానే తోస్తుంది. "అయితే ఏం చెయ్యమంటావు?" అంది పులి.

"పరాయివాళ్ళంతా వాగు దాటి పోవాలి. దొరవారు ఇక్కడ పుట్టినవాటినే ఆరగించాలి, పరాయి మాంసం ముట్టకూడదు. ముందొచ్చిన చెవులకంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అని పెద్దలు ఊరికే అన్నారా?"

పక్కనే ఉన్న అడవిదున్నకు గాభరా పుట్టింది. "కొమ్ములున్నవాళ్ళమంతా పోవాలాండీ?"

"నీ సంగతి తర్వాత చూస్తాను," అన్నాడు జంబయ్య. అప్పటికే అతనికి సలహాదారు గొంతు వచ్చేసింది. పులి పక్కన ఒక బండ, పులి తిన్నాక మిగిలే ఎముకలు అతనికి ఖాయమయ్యాయి.

మర్నాడే విచారణ మొదలైంది. మొదట దుప్పిని పిలిచారు.

"ఎక్కడ పుట్టావు?"

"ఇక్కడే..." అనబోయి దుప్పి పులి వైపు చూసింది. పులి మూతి నాక్కుంటోంది. "ఇక్కడే అనుకున్నానండి ఇన్నాళ్ళూ. మా అమ్మ పోతూ పోతూ చెప్పిందండి, మేం అవతలిగట్టోళ్ళమంట."

"చూశారా దొరా!" జంబయ్య బండ మీద ఎగిరి గంతేశాడు.

తర్వాత అడవిపంది వచ్చింది. "మాదీ అవతలేనండి. మా తాత వాగులో వచ్చాడు."

"మీ తాతకి ఈతొచ్చా?"

"రాదండి. అందుకే ఇటు కొట్టుకొచ్చాడు."

కుందేళ్ళు తాము నిన్ననే వచ్చామని, ఇంకా అలుపైనా తీరలేదని చెప్పాయి. అడవిదున్న అయితే, తన కొమ్ములు వెనకొచ్చినవి కాబట్టి తానూ వెనకొచ్చినవాడినేనని తనంతట తానే ఒప్పుకుంది. అందర్నీ వాగు దాటించారు.

"అడగ్గానే అందరూ ఒప్పేసుకుంటున్నారే, నీకేం అనుమానం రావట్లేదా?" అని కాకి అడిగింది.

"నా ప్రశ్నలో పస అలాంటిది," అన్నాడు జంబయ్య. కాకి తనదీ అవతలి గట్టేనని చెప్పి ఎగిరిపోయింది.

అడవి ఖాళీ అయింది. జంబయ్య రోజూ బండెక్కి విజయం ప్రకటించేవాడు, వినడానికి నేల మీద పులి ఒక్కటే మిగిలింది. దానికేమో పంటి నొప్పి తగ్గి ఆకలి ఎక్కువైంది. కడుపు వీపుకు అంటుకుపోయింది. దొర తినకపోతే సలహాదారుకు ఎముకలెక్కడివి? అప్పుడు జంబయ్య చూపు మడుగులోని తుమ్మచెట్ల మీద పడింది.

అక్కడ కొంగలు గూళ్ళు కట్టుకున్నాయి. మడుగులో నీళ్ళు తగ్గడంతో, పులి వెనక్కాళ్ళ మీద నిలబడితే గూళ్ళు అందేలా ఉన్నాయి. మిగతా కొంగల పిల్లలకు రెక్కలొచ్చి వెళ్ళిపోయాయి. వీరమ్మ అనే కొంగ ఒక్కతే మిగిలింది. "అవతలిదాన్నని చెప్పి వచ్చెయ్యి వదినా," అని తోటికొంగలు వెళ్తూ వెళ్తూ బతిమాలాయి. ఆమె పిల్లలకు ఇంకా ఈకలైనా రాలేదు. ఏ తల్లి వెళ్తుంది?

"ఎక్కడ పుట్టావు?" అన్నాడు జంబయ్య చెట్టు కింద నిలబడి.

"ఈ కొమ్మ మీదే నాయనా. కాపురాలు ఎక్కడున్నా, పురిటికి పుట్టింటికి రావడం మా ఆనవాయితీ."

"సగం ఏడాది ఇక్కడ ఉండవు కాబట్టి నువ్వు పరాయిదానివే. నువ్వు వెళ్ళాలి. పిల్లలు మాత్రం ఇక్కడ పుట్టాయి, అవి ఉంటాయి."

"తల్లి లేకుండా ఎక్కడుంటాయి?"

జంబయ్య పులి పొట్ట వైపు చూశాడు. "దొరవారి సంరక్షణలో."

 ఏడిస్తే జంబయ్య వినే రకం కాదని వీరమ్మకు తెలుసు. అందుకని గొంతు సవరించుకుని, "చట్టమన్నాక కాదనలేం నాయనా. ఒక్క సందేహం. ముందొచ్చినవాడికి ముందు వరస. అంతేగా నీ మాట?" అంది.

"అక్షరాలా అంతే."

"నా పిల్లలు మొన్ననే గుడ్డు పగలగొట్టుకుని వచ్చాయి. అందరికంటే వెనక. మరి అందరికంటే ముందున్నవాడు, అసలు సిసలు అడవివాడు ఎవరో?"

బండ ఎక్కిన నాటి నుంచీ ఈ ప్రశ్న ఎవరైనా అడుగుతారని జంబయ్య ఎదురుచూస్తున్నాడు. "ఇంకెవరు, నేనే! మా ముత్తాత పుట్టింది ఈ పొదలో. నాకు బొడ్డు కోసింది ఈ పొదలో. వాగవతలి నీళ్ళు మా వంశంలో ఎవడూ తాగి ఎరగడు!"

"దొరవారు విన్నారా?" అంది వీరమ్మ.

పులి విన్నది. ఆకలి మీద ఉన్నవాడు చాలా శ్రద్ధగా వింటాడు. దాని చూపు గూటి మీద నుంచి మెల్లగా దిగి జంబయ్య మీద ఆగింది.

"అయితే ముందు వరస నీదేనన్నమాట."

"దేనికి దొరా?"

"ఇక్కడ పుట్టినవాటినే తినాలని నువ్వేగా అన్నావు."

జంబయ్య తోక కాళ్ళ మధ్యకు పోయింది. "దొరా, నిజం చెప్పేస్తాను! నేను అవతలి గట్టున పుట్టాను. వరదల్లో మా అమ్మ నన్ను నోట కరుచుకుని ఇటు ఈదుకొచ్చింది. ఇక్కడ ఒకరు జాలిపడి తమ బొరియలో ఇంత చోటిచ్చారు."

"ఎవరు?"

జంబయ్య గొంతు తగ్గించాడు. "ఏదుపంది, దొరా."

పులి తన దవడ తడుముకుంది. తర్వాత, "అయితే నిన్ను తినకూడదు," అంది.

"తినకూడదు దొరా!"

"ఉండనివ్వనూ కూడదు. నడు."

అతను వాగు వైపు పరుగెత్తాక వీరమ్మ, "దొరా, నా పిల్లలు మీ పంటికిందికి కూడా రావు. ఆ చట్టం ఎత్తేశానని ఒక్క కేక వెయ్యండి. ఇక్కడి పచ్చికకి అలవాటు పడ్డవాళ్ళు అవతల ఎన్నాళ్ళుంటారు?" అంది. పులికి లెక్క తేలిగ్గానే అర్థమైంది. కేక వేసింది. పులి భయం పాతదే, ఎలా తప్పించుకోవాలో అందరికీ తెలుసు. వెళ్ళిన జంతువులన్నీ తిరిగి రావడానికి ఒక్కొక్కటిగా వాగులో దిగాయి.

వాగు మధ్యలో జంబయ్య ఒక రాయిని పట్టుకుని వేలాడుతున్నాడు. తిరిగొస్తున్న అడవిపందికి కనిపించాడు.

"ఈత రాదా జంబయ్యా?"

"రాదు. మీ తాతలాగే."

"తాత సంగతి అబద్ధంలే, మాకందరికీ ఈతొచ్చు. నా తోక పట్టుకో. ఏ గట్టున దింపమంటావు?"

జంబయ్య అటు చూశాడు, ఇటు చూశాడు. 

నీతి: తలుపు మూసేవాడు తాను ఏ పక్కనున్నాడో ముందు చూసుకోవాలి.