గవిరమ్మకు వాగు వైద్యం

పిల్లలూ, నాలో ఒక మంచి గుణం ఉంది. కథలో నాకు సరిగ్గా తెలియని చోటు వస్తే గొంతు పెంచి చెబుతాను. వినేవాళ్ళకు అనుమానం రాకుండా చూసుకోవడం చెప్పేవాడి ధర్మం కదా. ఇది కోళ్ళ కథ కాబట్టి ఈరోజు గొంతు కొంచెం ఎక్కువే పెంచాల్సి వస్తుంది.

తుమ్మలకోన అనే అడవిలో ఎలుగుబంట్లు, నెమళ్ళు, నక్కలు, కుందేళ్ళు, ముళ్ళపందులు ఉండేవి. వాటితోపాటు మరెక్కడా కనిపించని కోనకోళ్ళు కూడా ఉండేవి. పొడవాటి మెడ, నల్లటి కాళ్ళు, బూడిదరంగు ఈకలు. చూడటానికి గొప్పగా ఏమీ ఉండవు. కానీ ప్రతి గుహ ముందూ, ప్రతి బొరియ ముందూ నేల గీరి తేళ్ళనూ జెర్రులనూ ఏరుకుని తినేవి. అందుకే ఆ అడవిలో పసికూనలు భయం లేకుండా నేల మీద పడుకునేవి.

ఒక వేసవిలో కొక్కెర తెగులు వచ్చింది. కోళ్ళను గుంపులు గుంపులుగా తీసుకుపోయే జబ్బు అది. తెగులు పోయేసరికి గవిరమ్మ అనే పెట్ట, ఒక పుంజు మాత్రమే మిగిలాయి. ఆ రెండూ పోతే ఇక కోనకోడి అన్న మాటే ఉండదు.

ఎవరైనా వీటిని దగ్గర పెట్టుకుని సాకాలి అని అడవంతా అనుకుంది. ఎవరైనా అంటే తాము కాదని కూడా అడవంతా అనుకుంది. ముందుకొచ్చింది జుట్టన్న అనే ఎలుగుబంటి ఒక్కడే. ఒకసారి అతని పడకలో తేలు దూరి ముక్కు మీద కుట్టింది. రెండోసారి కుట్టబోతుంటే గవిరమ్మ వచ్చి దాన్ని లాగి మింగేసింది. ఆ మేలును జుట్టన్న మరిచిపోలేదు.

మేలు గుర్తుండటం వేరు, కోళ్ళను పెంచడం వేరు. మొదటి రోజు జుట్టన్న ప్రేమకొద్దీ తేనెపట్టు తెచ్చి పెట్టాడు. పుంజు ముక్కు అంటుకుపోయి మర్నాడు తెల్లవారినా కూయలేదు. ఆ తర్వాత మాత్రం రోజూ కూసింది. ఎలుగుబంటి రాత్రంతా తిరిగి తెల్లవారుజామున వచ్చి పడుకుంటాడు. సరిగ్గా అప్పుడే గుహలో పుంజు లేస్తుంది. జుట్టన్న కళ్ళు చింతనిప్పుల్లా అయ్యాయి గానీ నోరెత్తి ఒక్క మాట అనలేదు.

గవిరమ్మ గుడ్లు పెట్టసాగింది. జుట్టన్న సంబరం పట్టలేకపోయాడు. ప్రతి గుడ్డునూ వాగులో కడిగి, తళతళలాడేలా తుడిచి, ఎవరి కాలూ తగలకుండా గుహలోని ఎత్తైన అరుగు మీద ఆకుల్లో దాచాడు. ముసురు పట్టిన రోజుల్లో మాత్రం వాగు దాకా నడవడానికి బద్ధకించి, గుడ్లను ఉన్నవి ఉన్నట్టే పెట్టేశాడు.

ఒక ఉదయం గవిరమ్మ గుడ్డు పెట్టలేదు. ఖాళీ గూట్లో ఈకలన్నీ ఉబ్బించుకుని కదలకుండా కూర్చుంది. గింజ ముట్టలేదు. దగ్గరికెళ్తే కుర్రుమంటూ పొడిచింది. తెగులు మళ్ళీ వచ్చిందనుకున్నాడు జుట్టన్న. ఉన్న ఒక్క పెట్టా పోతే ఇంకేముంది?

పరుగున వెళ్ళి వన్నెలయ్య అనే మగ నెమలిని పిలుచుకొచ్చాడు. ఆ అడవిలో అంత పొడవు తోక ఇంకెవరికీ లేదు. తోకే అంతుంటే తెలివి ఇంకెంతుంటుందో అని అందరి నమ్మకం. వన్నెలయ్య నమ్మకం కూడా అదే.

అతను గూటి చుట్టూ హుందాగా తిరిగాడు. మెడ వంచి చూడబోతే గవిరమ్మ అతని నెత్తి మీది కుచ్చు దగ్గర ఒక్క పోటు పొడిచింది.

"నాకేం కాలేదు. నన్ను నా మానాన వదిలెయ్యండి," అంది.

"విన్నావా?" అన్నాడు వన్నెలయ్య, జుట్టన్న వైపు తిరిగి. "జబ్బు ముదిరినవాళ్ళు అనే మొదటి మాట ఇదే."

ఒంట్లో వేడి పెరిగిందనీ, పొద్దునా సాయంత్రమూ వాగులో ముంచి తీయమనీ వైద్యం చెప్పాడు. జుట్టన్న అలాగే ముంచాడు. ప్రతిసారీ గవిరమ్మ తడిసి ముద్దయి, నీళ్ళు కార్చుకుంటూ, తిన్నగా గూటికే వెళ్ళి కూర్చునేది.

వన్నెలయ్య మళ్ళీ వచ్చాడు. ఈసారి దూరం నుంచే చూసి, ఇక లాభం లేదన్నాడు. తెగులు గుడ్లలోకి కూడా దిగి ఉంటుంది కాబట్టి వాటిని వాగులో పారేసి, పెట్టను అడవి అవతల వదిలి రమ్మన్నాడు. మనసు రాయి చేసుకోవాలి అని కూడా చెప్పాడు. రాయి చేసుకోవాల్సింది తన మనసు కాదు గనుక సులువుగానే చెప్పాడు.

జుట్టన్న గుడ్లన్నీ ఆకుల్లో మూటగట్టుకుని, ఏడుస్తూ వాగు వైపు నడిచాడు. వెనక తపతపమని తడి అడుగులు వినిపించాయి. గవిరమ్మ గూడు దిగి వచ్చింది.

"జుట్టన్నా, ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పి ఆ తర్వాత పారెయ్. నిన్ను కన్నప్పుడు మీ అమ్మ గుహలోంచి బయటికి వచ్చేదా?"

"లేదు. చాలా రోజులు రాలేదట."

"తిండో?"

"ముట్టలేదట."

"ఎవరైనా దగ్గరికొస్తే?"

"మా నాన్ననే కరిచిందట."

"మరి ఆవిడది ఏ జబ్బు, నాయనా?"

జుట్టన్న గుడ్ల మూటను పొట్టకు హత్తుకున్నాడు. తాను పొదగడానికి కూర్చున్నాననీ, గుడ్లేమో అతని అరుగు మీద ఉండిపోయాయనీ గవిరమ్మ చెప్పింది. ఆ సంగతి ముందే ఎందుకు చెప్పలేదని జుట్టన్న దీనంగా అడిగాడు. నోరు విప్పి ఒక్క మాట అన్నందుకే రెండు పూటలా ముంచారనీ, రెండో మాటకు ఏం చేస్తారోనని ఊరుకున్నాననీ అంది.

గుడ్లు గవిరమ్మ రెక్కల కిందికి చేరాయి. జుట్టన్న గింజలూ నీళ్ళూ గూటి దగ్గరికే తెచ్చి పెట్టి, గుహ గుమ్మంలో అడ్డంగా కూర్చున్నాడు.

అక్కడ వన్నెలయ్యకు నెత్తి మీద పొడిచిన చోట దురద మొదలైంది. తెగులు తనకూ అంటుకుందని హడలిపోయాడు. వైద్యం తెలిసినవాడు కదా, వెంటనే వాగులో మునిగాడు. ఆ పొడవాటి తోక నీళ్ళు పీల్చి బండరాయంత బరువెక్కింది. గట్టెక్కేసరికి నక్క కాచుకుని ఉంది. ఎగరబోతే తోక లేవలేదు. ప్రాణభయంతో ఒక్క గుంజు గుంజుకున్నాడు. వన్నెలయ్య చెట్టెక్కాడు, తోక నక్క నోట్లో మిగిలింది.

వణుకుతూ ఇంటికెళ్తే అతని భార్య పొదలో ఈకలు ఉబ్బించుకుని కదలకుండా కూర్చుని ఉంది. నీకూ తెగులు తగిలిందా అని వన్నెలయ్య గోలపెట్టాడు.

"ఏటా వానాకాలంలో వస్తుంది నాకీ తెగులు," అంది ఆమె. "మీరు ఆ సమయానికి ఏటా నాట్యానికి వెళ్ళిపోతారు."

గవిరమ్మ గుడ్లు పగిలే రోజు వచ్చింది. కానీ చాలా గుడ్లు మురిగిపోయాయి. గుడ్డు పెంకు మీద కంటికి కనపడని పొర ఉంటుందనీ, కడిగితే అది పోయి లోపలికి చెడు దూరుతుందనీ గవిరమ్మ చెప్పింది. ముసురు రోజుల గుడ్లు మాత్రం టిక్కుటిక్కుమని పగిలి, నల్లకాళ్ళ పిల్లలు బయటికొచ్చాయి. జుట్టన్న తన బద్ధకానికి చేతులెత్తి దండం పెట్టాడు. బద్ధకానికి అంత మర్యాద ఏ అడవిలోనూ జరిగి ఉండదు.

కొన్నాళ్ళకు ఆ పిల్లలు జుట్టన్న వీపు మీదికెక్కి, అతని బొచ్చులో దూరి నిద్రపోవడం అలవాటు చేసుకున్నాయి. మరుసటి ఏడు వాటికీ పిల్లలయ్యాయి. గుహల ముందు, బొరియల ముందు నేల మళ్ళీ శుభ్రపడింది. కుందేళ్ళూ ముళ్ళపందులూ వచ్చి జుట్టన్నను పొగిడాయి. అతను సిగ్గుపడి, తాను చేసిందల్లా గుడ్లు చెడగొట్టి పెట్టను ముంచడమేననీ, దండాలన్నీ గవిరమ్మకు పెట్టమనీ అన్నాడు.

గవిరమ్మ ఒప్పుకోలేదు.

"ముంచినవాళ్ళు లోకంలో చాలామంది ఉంటారు, జుట్టన్నా. అడిగితే ఆగినవాడివి నువ్వు. నా పిల్లలు నీ దయ వల్లే బతికాయి," అంది.

మర్నాడు తెల్లవారుజామున గుహలో పుంజులన్నీ ఒక్కసారే కూశాయి. జుట్టన్న చెవులు మూసుకోకుండా, కళ్ళు మాత్రం మూసుకుని, హాయిగా విన్నాడు.

నీతి: తెలియని పనికి పూనుకోవడం తప్పు కాదు, ఎవరికి మేలు చేయబోతున్నామో వాళ్ళ మాట వినకుండా చేయడమే తప్పు, ఇంత చెప్పిన నాకు, గంపలో ముడుచుకున్న కోడి పొదగడానికి కూర్చుందో, జబ్బుపడి కూర్చుందో చూసి చెప్పడం మాత్రం ఇంకా రాలేదు.